తేలే ప్లాస్టిక్, మునిగే ప్లాస్టిక్

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ప్లాస్టిక్‌ను కట్టెలాగ రంపంతో కోసి, చిత్రిక పట్టి, బెజ్జాలు వేసి పనిముట్లు చేసిన మొట్టమొదటి మనిషిని నేనే. నేను పోసిన పలక మీది నుంచి బస్తాలు నింపిన ఎడ్లబండి పోయింది. పలక పగల్లేదు, బండి చక్రం పట్టా వంగింది. మోత్కూరు అంగడిలో వంద మంది నిలబడి చూశారు.

ఈ సంగతి నేను పెళ్లిళ్లలో చెప్పాను, బస్సుల్లో చెప్పాను, దవాఖాన బెంచీల మీద పక్కన కూర్చున్న రోగులకు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ బండిలో రెండు బస్తాలు పెరిగేవి. ఈ మధ్య జడ్చర్ల దగ్గర ఒక రేకుల షెడ్డులో పాత కవర్లు, సీసాలు కరిగించి పలకలు పోస్తున్న కొందరు యువకులు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. "తాతా, మిషన్లు లేని కాలంలో ఇంట్లో ఎట్లా చేశారో రాసివ్వండి, మాకు పనికొస్తుంది" అన్నారు. సరేనన్నాను. కానీ కాగితం మీద బస్తాలు పెంచుదామంటే చెయ్యి ఆగింది. పనికొచ్చేది రాయమన్నారు కదా. నేను గొప్పగా చేసింది వాళ్లకు పెద్దగా పనికిరాదు. నేను చెడగొట్టింది పనికొస్తుంది.

ఖాదర్ ఉస్తాద్ పదకొండోది

మాది మోత్కూరు పక్కన చిన్న ఊరు. ఇంట్లో వడ్రంగం, మా వైపు వడ్ల పని అంటారు. బాపు నాగళ్లు, బండ్లు చేసేవాడు. నాకు నాగలి చెక్కే ఓపిక లేదని తేల్చి, మీసాలు వచ్చిన ఏడు భువనగిరిలో ఖాదర్ ఉస్తాద్ దుకాణంలో వదిలిపెట్టాడు. అది యాభైల మధ్యలో మాట. ఉస్తాద్‌ది ఖరాదు పని. అంటే కట్టెను గిరగిరా తిప్పుతూ ఉలి ఆనించి గుండ్రంగా చెక్కే పని. మంచం కోళ్లు, చపాతీ కర్రలు, నేతవాళ్లు నూలు చుట్టుకునే కండెలు చేసేవాళ్లం.

ఆయన మంచి యజమాని అని రాయను. కోపం వస్తే చేతిలో ఏదుంటే అది విసిరేవాడు. పని బాగుందని ఒక్కనాడు అనలేదు. బాగుంటే ఏమీ అనకుండా పక్కకు పెట్టేవాడు, అంతే. అయితే ఆయనకు ఒక పద్ధతి ఉండేది. పది కావాలని ఎవరైనా వస్తే పదకొండు చేయించేవాడు. అన్నీ అయ్యాక కళ్లు మూసుకుని అందులోంచి ఒకటి తీసి, బండ మీద పెట్టి, సుత్తితో పగలగొట్టేవాడు.

మొదటిసారి చూసినప్పుడు నా ప్రాణం ఉసూరుమంది. "గిదేంది ఉస్తాద్, మంచిగున్నదాన్ని పలగొడ్తివి?" అన్నాను.

"మంచిగున్నదని నీకెట్ల ఎరుక?"

"కనబడ్తనే ఉన్నది గద."

"పైన కనబడ్తున్నది. లోపల ఎవడు చూసిండు, మీ బాపా? అరె సోమా, ఖాదర్ దుకాణంల పలిగితే పొయ్యిలకు పోతది. గిరాకి ఇంట్ల పలిగితే ఖాదర్ నెత్తి మీదికి వస్తది."

పగిలిన ముక్కలను ఆయన వాసన చూసేవాడు, గోటితో గీకేవాడు. లోపల పురుగు చార కనబడితే మిగిలిన పదీ మళ్లీ చేయించేవాడు. పదకొండోదాన్ని నేను ఏళ్ల తరబడి మనసులో తిట్టుకున్నాను. నా చెమట మీద ఆయన సుత్తి ఏంటని.

దువ్వెనలు

అరవైల మొదట్లో ప్లాస్టిక్ సామాన్లు మా వైపు కొద్దికొద్దిగా వచ్చాయి. జాతరల్లో దువ్వెనలు, బొమ్మలు. పట్నం నుంచి సబ్బుపెట్టెలు, చెంబులు. విరిగితే పారేయడానికి చెయ్యి రాని వస్తువులు అవి. ఒక జాతర అయ్యాక విరిగిన దువ్వెనలు రెండు దోసిళ్లు పోగుచేశాను. కరిగించి అచ్చు పోస్తే ఏనుగు దంతం లాంటి సరుకు వస్తుందని నా ఊహ. మధ్యాహ్నం ఉస్తాద్ నమాజుకు పోయిన వేళ, ఇనుప గరిటెలో వేసి బొగ్గుల మీద పెట్టాను.

కరగలేదు. భగ్గుమంది. అది మంట అనుకోవడానికి కూడా టైం ఇవ్వలేదు. నా కనుబొమ్మలు, సగం మీసం, దుకాణం ముందరి తాటాకు పందిరి పోయాయి. ఉస్తాద్ పరుగెత్తుకొచ్చి బిందెడు నీళ్లు పందిరి మీద, బిందెడు నా మీద పోసి, అడిగాడు.

"ఏం కాలబెట్టినవ్?"

"దువ్వెనలు, ఉస్తాద్."

"దువ్వెనలని నాకూ కనబడ్తాంది. దేంతోని చేసినయి?"

"ప్లాస్టిక్‌తోని."

"కట్టె కొంటే కట్టె అనే కొంటవా? తుమ్మనా, టేకా, యాపనా అని అడగవా? ప్లాస్టిక్‌ల ఎన్ని రకాలున్నయో ఎరుకనా నీకు?"

నాకు ఎరుక లేదు. ఆయనకూ ఎరుక లేదు. కానీ ఎరుక లేదని ఆయనకు ఎరుక. ఆ దువ్వెనలు సెల్యులాయిడ్‌వని, అది నిప్పు తగిలితే మందుగుండులా అంటుకుంటుందని నాకు చాలా ఏళ్ల తర్వాత ఒక కాలేజీ మాస్టారు చెప్పాడు.

సొంత దుకాణం పెట్టుకుందామని ఉస్తాద్ దగ్గర మానేశానని ఊళ్లో చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. మర్నాడు పొద్దున పోయేసరికి నా ఉలులు గుడ్డలో మూటకట్టి గడప బయట పెట్టి ఉన్నాయి.

ఇసుర్రాయి పిడి

ఇంటికి వచ్చి వాకిట్లోనే ఖరాదు వేసుకున్నాను. అప్పటికి నాకు సత్తెమ్మతో పెళ్లయి మూడేళ్లు. జొన్నలు విసిరే ఇసుర్రాయి పిడి విరిగిందని ఆమె నాలుగు రోజులు చెప్పింది.

"వడ్లాయన ఇంట్ల ఇసుర్రాయికి పిడి లేదని వాడకట్టంత నవ్వుతాంది" అన్నది.

"రేపు చేస్త."

"నీ రేపు సంగతి నాకెరుకే తియ్యి."

ఐదో రోజు చూస్తే రాయికి పిడి ఉంది. పచ్చగా, గుండ్రంగా, వేళ్ల అచ్చులతో. విరిగిన పచ్చ చెంబును కత్తిపీటతో చిన్న ముక్కలు కోసి, పేలాలు వేయించే మంగలంలో ఇసుక పోసి కాచి, ఆ ఇసుకలో చిన్న ఇనుప గిన్నె దించి మెత్తబరిచిందట. తడిగుడ్డతో పట్టుకుని, రాయికున్న మేకు చుట్టూ ముద్దలా ఒత్తిందట.

"గిదెట్ల చేసినవే?"

"పేలాలు ఏంచినట్టె ఏంచిన. నిప్పుల మీద పెడ్తె అంటుకుంటదని నీ మీసం చూస్తె తెల్వదా?"

నేను ఆకురాయి తెచ్చి ఆ పిడిని గీకాను. పొడి రాలింది. ఉలి పెట్టాను. సన్నటి చుట్టలా పొర లేచింది. తుమ్మ చేవలాగ, కానీ కట్టెకుండే నార చారలు లేకుండా, ఎటు చెక్కినా ఒక్కటే తీరు. నాకు వంటి మీద జలదరింపు వచ్చింది. సత్తెమ్మకు కోపం వచ్చింది. "చేసియ్యనోడు చేసినదాన్ని గీకుతాండు" అని రాయి లాక్కుంది.

కాబట్టి మొట్టమొదటి మనిషి నేను కాదు, మా ఇంట్లోనే ఇంకొకరు. బండి సంగతి కూడా ఇక్కడే ఒప్పుకుంటాను. బండి ఖాళీది. ఎడ్లు కూడా లేవు, నేనూ మా బావమరిదీ నెట్టాం. చక్రం పట్టా అంతకుముందే వంగి ఉంది, బాగుచేయమని మా ఇంటికి వచ్చిన బండి అది. చూసినవాళ్లు నలుగురు. అందులో ఇద్దరం నెట్టినవాళ్లమే. అంతకుముందు రెండు పలకలు పగిలాయి, పగలనిది మూడోది.

నేను పెళ్లిళ్లలో ఈ గొప్పలు చెబుతుంటే సత్తెమ్మ పక్కనే కూర్చుని విస్తరి కుట్టేది, లేకపోతే పసిపిల్లలనెవరినో ఆడించేది. ఒక్కసారి కూడా "పిడి నేను చేసిన" అనలేదు. ఆమె పోయి ఆరేళ్లయింది. ఈ నాలుగు వాక్యాలు ఆమె ఉండగా నలుగురిలో చెప్పి ఉంటే నా గౌరవానికి ఏం తక్కువయ్యేదో ఇప్పుడు ఎంత ఆలోచించినా తెలియడం లేదు.

పని తీరు

ఇప్పుడు మీకు చెత్త ఎక్కువై ఇబ్బంది. మాకు చెత్త కరువు. ఉల్లిగడ్డలిచ్చి పాత సామాను తీసుకుపోయే మనిషి నెలకోసారి వచ్చేవాడు. అతని గంపలోంచి ప్లాస్టిక్ ముక్కలు ఏరుకునేవాణ్ణి. ఒక్క పలకకు సరిపడా పోగయ్యేసరికి నెలలు పట్టేది.

ముక్కలను కుంకుడు రసంలో కడిగి, ఎండలో ఆరబెట్టాలి. తడి ఉంటే లోపల బుడగలు వస్తాయి. కమ్మరి చేత ఇనుప పెట్టె చేయించి, లోపల ఆముదం రాసేవాళ్లం, అంటుకోకుండా. పెద్ద మంగలంలో ఇసుక కాచి, అందులో ఇనుప గిన్నె దించి, ముక్కలు మెత్తబడేదాకా కట్టెతో పిసకాలి. జొన్నపిండి ముద్దలా అయ్యాక పెట్టెలో కూరి, పైన చెక్కపెట్టి బిగించాలి. భువనగిరిలో పుస్తకాలు కుట్టే మనిషి దగ్గరి నుంచి, పుస్తకాలు అదిమే పాత మరబిగింపు ఒకటి తెచ్చాను. బిగించాక ఆ పూటంతా, మర్నాడు పొద్దుటిదాకా ముట్టుకోవద్దు. తొందరపడి నీళ్లు పోస్తే పైన గట్టిపడి లోపల డొల్ల పడుతుంది. బెజ్జం వేసేటప్పుడు మెల్లగా తిప్పాలి, లేకపోతే బరమా వేడికి కరిగి అంటుకుంటుంది.

కరెంటు తీగ తొడుగులు మాత్రం కరిగించకండి. నేను ఒకసారి కరిగించాను. ఆ పొగ ముక్కులో సూదిలా దిగింది. నేను బయటికి పరుగెత్తాను. సత్తెమ్మ గిన్నె పాడవుతుందని లోపలే ఉండి దించింది. ఆ ఏడు మొదలైన దగ్గు ఆమెను మళ్లీ పూర్తిగా విడవలేదు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. డాక్టరును అడగలేదు.

నీళ్ల తొట్టి

ముక్కలు కడిగేది సత్తెమ్మే. ఒకరోజు తొట్టి దగ్గరి నుంచి కేకేసింది.

"ఇగో, జర ఇటు రా. కొన్ని తేల్తున్నయి, కొన్ని మునుగుతున్నయి."

"అయితే ఏంది?"

"నిన్న పలిగిన పలకల మునిగేటివే ఎక్కువున్నయి. సబ్బుపెట్టెల ముక్కలు. చెంబులు, బొక్కెనలు తేలేటివి. అవి వంగుతయి గని పలగవు."

ఆమె రెండు రకాలను వేరువేరుగా కాచి చూసింది. తేలేవి కలిస్తే ఒక్క ముద్ద అయ్యేవి. మునిగేవి విడిగా అద్దంలా గట్టిగా, పెళుసుగా వచ్చేవి. రెండూ కలిపి పిసికితే పైకి ఒక్కటే అయినట్టు కనబడేది, దెబ్బ తగిలితే ఉల్లిగడ్డ పొరల్లా విడిపోయేది. అప్పటి నుంచి వాకిట్లో రెండు కుప్పలుండేవి. తేలేవి చింతచెట్టు వైపు, మునిగేవి గోడ వైపు. ఈ పనిలో నాకు తెలిసిన చదువంతా ఇదే. అది కూడా తొట్టి దగ్గర కూర్చున్న మనిషి కనిపెట్టింది.

నర్సింలు ఇంట్లో రెండు మగ్గాలు

మోత్కూరు నేతవాళ్ల వాడలో నర్సింలు నా స్నేహితుడు. ఒకే అర్రలో పక్కపక్కన రెండు గుంట మగ్గాలు. ఒకటి అతనిది. రెండోది అతని భార్య బాలమణిది. ఆ రోజుల్లో ఆడవాళ్లు నూలు చుట్టడం, చీరకు సరిపడా దారాలు వరసపెట్టే ఆసు పోయడం చేసేవాళ్లు తప్ప మగ్గంలోకి దిగేది తక్కువ. బాలమణి చూసి చూసి నేర్చుకుంది. నర్సింలే ఆమెకు మగ్గం బిగించి ఇచ్చాడు. అత్తకు అది గొంతులో ముల్లు.

"దీనికి ఏడాదిల వచ్చిన పని నాకు పన్నెండేండ్లు పట్టింది సోమన్న. నేనింక బీడీలు తాగుకుంట అరుగు మీద కూసుంట" అని నర్సింలు నవ్వేవాడు.

"ఇప్పుడేం చేస్తున్నవని?" అనేది బాలమణి, మగ్గం ఆపకుండానే.

తాడు గుంజితే నాడె ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికే మగ్గాలు అవి. అడ్డనూలు మోసే ఈ నాడె పడవలా ఉంటుంది, రెండు మొనలకు ఇనుప తొడుగు. దాన్ని కొట్టే చిన్న దిమ్మను పిక్కరు అంటారు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. కొయ్య పిక్కర్లకు నాడె మొన తగిలి తగిలి నెలకే గుంత పడేది. నేను తేలే ప్లాస్టిక్‌తో నర్సింలు మగ్గానికి ఒక జత చేసి ఇచ్చాను. ఐదు నెలలైనా గుంత పడలేదు.

"చప్పుడు గూడ తక్కువైంది సోమన్న. మా అత్త పగలు మంచిగ పండుకుంటాంది" అంది బాలమణి.

"నాకు నిద్రపోయే టైమెక్కడిది, దాని మగ్గం చూసుకుంట ఉండాలె" అని లోపలి నుంచి అత్త.

ఆ జతను చూసి వాడలో పన్నెండు మగ్గాలవాళ్లు అడిగారు. జతకు రెండు చొప్పున ఇరవై నాలుగు. బాలమణి మగ్గం కూడా అందులో ఉంది. మామూలుగా అయితే అంత సరుకు పోగవడానికే సంవత్సరం పట్టేది. నేను వాడ నడిమధ్యన నిలబడి, "వచ్చే నెల రెండో అంగడి నాటికి అందరి చేతుల పెడ్త" అన్నాను. ఎవరూ తొందరపెట్టలేదు. అందరూ నన్ను చూస్తున్నారు, నోరు దానంతట అదే తెరుచుకుంది.

ఇరవై నాలుగు

తేలే కుప్ప పద్నాలుగు పిక్కర్లకే దాదాపు అయిపోయింది. ఆ వారం సత్తెమ్మ తల్లికి బాగా లేదని పుట్టింటికి పోయింది. గోడ వైపు మునిగే కుప్ప నిండుగా ఉంది. రెండూ ప్లాస్టికే కదా అనుకున్నాను. మిగిలిన కొద్దిపాటి తేలే సరుకులో మునిగేవి కలిపి, మామూలు కంటే రెండింతలసేపు పిసికాను. ఎక్కువ పిసికితే కలుస్తాయని నాకు నేను చెప్పుకున్నాను. వచ్చిన దిమ్మలు చూడ్డానికి అంతకుముందు వాటికంటే అందంగా ఉన్నాయి. నీలం మీద తెల్ల మబ్బులు. కోసి, నునుపు చేసి, బెజ్జాలు వేస్తే పది వచ్చాయి. మొత్తం ఇరవై నాలుగు. సరిగ్గా.

అంగడికి ముందు రోజు సత్తెమ్మ తిరిగొచ్చింది. నేను పిక్కర్లకు నూనె రాస్తున్నాను. ఆమె ముందు గోడ వైపు చూసింది, తర్వాత నా చేతిలోది చూసింది.

"కలిపినవా?"

"మస్తు పిసికిన. కలిసిపోయినయి."

"ఒకటి పలగొట్టి చూడు."

"పలగొడ్తె ఇరవైమూడైతయి."

"అయితె అయితయి. పదకొండు మగ్గాలకియ్యి."

"పన్నెండని చెప్పిన."

"ఎవరికి చెప్పినవ్, దేవునికా?"

నేను మూట కట్టాను. ఉస్తాద్ దగ్గర అన్నేళ్లు పదకొండోదాన్ని చేసిన చెయ్యి ఇరవై ఐదోదాన్ని చేయలేదు. సరుకు లేదని చెప్పుకోవచ్చు. నిజానికి పగిలితే ఏం కనబడుతుందో నాకు భయం.

ఆ రోజు

ఇరవై రోజులకు కబురు వచ్చింది. బాలమణి తాడు గుంజింది, పిక్కరు రెండుగా విడిపోయింది, వంకర దెబ్బకు నాడె మగ్గం దాటి పక్క మగ్గంలో కూర్చున్న నర్సింలు మొహానికి తగిలింది. ఎడమ కన్ను. నేను పోయేసరికి అరుగు మీద కన్నుకు గుడ్డ అదిమిపట్టుకుని కూర్చున్నాడు, బండి కడుతున్నారు. భువనగిరి దవాఖాన నుంచి పట్నం పంపారు. కన్ను దక్కలేదు.

మగ్గం దగ్గర పిక్కరు రెండు ముక్కలు పడి ఉన్నాయి. ఒకటి నీలం, ఒకటి తెలుపు. పొర పొరగా, శుభ్రంగా విడిపోయాయి. తీసి జేబులో వేసుకున్నాను.

అత్త గుండె బాదుకుంటోంది. "ఆడిదాన్ని మగ్గం ఎక్కియ్యొద్దురా అంటె ఇన్నడా? ఎంత గుంజాల్నో, ఎట్ల గుంజాల్నో దానికెరుకనా? మొగని కన్నే తీసె గద!" బాలమణి మగ్గం గుంటలోనే ఉంది. ఏడవడం లేదు. తన కుడిచెయ్యిని మరెవరిదో చూసినట్టు చూస్తోంది.

అప్పుడు నేను ఏమీ అనలేదని ఇక్కడ రాద్దామనుకున్నాను. మొదటి ప్రతిలో అట్లాగే రాశాను, కొట్టేశాను. నేను అన్నాను. అందరూ నా వైపు చూశారు, పనిముట్టు చేసినవాణ్ణి కదా. "తాడు జర గట్టిగ గుంజినట్టున్నది" అన్నాను. జేబులో ముక్కలు తొడకు గుచ్చుకుంటున్నాయి.

ఆ మాటతో బాలమణి మగ్గం లేచింది. మరునాడే విప్పి అటక మీద పెట్టారు. ఆమె మళ్లీ నూలు చుట్టే పనికి పోయింది. ఆరేడేళ్లు, అత్త బతికున్నంతకాలం, ఆమె చేత నాడె పట్టనివ్వలేదు. అంత చక్కటి అంచు నేసే చేతిని నేను ఆరు మాటలతో... ఆరు కాదు, లెక్కపెడితే నాలుగే. నాలుగు మాటలతో దించేశాను.

మిగిలిన మగ్గాలన్నీ తిరిగి, "ఇంక మంచియి చేస్తున్న" అని చెప్పి మబ్బుల పిక్కర్లన్నీ వెనక్కి తెచ్చాను. కొయ్యవి ఇచ్చాను. అది బాధ్యత అని చాలా రోజులు అనుకున్నాను. ప్లాస్టిక్ పని అంతటితో ఆపేశాను. పనిచేసినంత కాలం ఆ తర్వాత కొయ్యే చేశాను. అడిగినదాని కంటే ఒకటి ఎక్కువ చేసి పగలగొట్టాను, ఎవరూ చూడకపోయినా.

నర్సింలు ఒక కంటితో పువ్వుల అంచులు నేయలేకపోయాడు. దుప్పట్లు, తువాళ్లకు దిగాడు. నాతో మాత్రం ఎప్పటిలాగే ఉన్నాడు. అంగడి రోజున నా దగ్గరికి వచ్చి కూర్చునేవాడు. బీడీ ఇచ్చేవాడు. వానల సంగతి, నూలు సంగతి మాట్లాడేవాడు. ఒక్కొక్కసారి మాటల మధ్య ఆగి, ఖరాదు వైపు చూస్తూ కాసేపు ఊరుకునేవాడు. చివరి రోజుల్లో దవాఖానలో ఉన్నప్పుడు కూడా పోయి పక్కన కూర్చున్నాను. చెబుదామనే పోయాను. అప్పుడు కూడా వానల గురించే మాట్లాడుకున్నాం. స్నేహితుడి చేతిలో కన్ను పోయిందన్న సంగతి ఎరుక లేకుండానే నర్సింలు పోయాడు. ఆ ఒక్క బాధైనా అతనికి తప్పిందని ఇన్నేళ్లు నన్ను నేను ఓదార్చుకున్నాను.

జడ్చర్ల పిల్లలకు

మీ పలకలు చూశాను. రంగులు బాగున్నాయి. నాకు రంగులంటే అప్పటి నుంచి భయం. నీళ్ల తొట్టి పెట్టుకున్నారా అని అడిగితే, "మిషన్ కలిపేస్తుంది తాతా" అన్నారు. మీ మిషన్ నా చెయ్యికంటే గట్టిగా పిసుకుతుంది, నిజమే. తొట్టి పెట్టుకోండి. దాని దగ్గర కూర్చున్న మనిషి చెప్పేది వినండి. ఎంత తొందరున్నా ఒక పలక ఎక్కువ పోయండి. ఎవరికిస్తున్నారో వాళ్ల ముందరే దాన్ని పగలగొట్టండి. సరుకు సరిపోకపోతే సరిపోలేదని చెప్పండి. అది చెప్పడానికి పట్టే సిగ్గు ఒక పూటది.

ఇందులో బాలమణి పేరు ఉంది కాబట్టి ఆమెకు వినిపించకుండా మీకు ఇవ్వడం తప్పనిపించింది. కాగితాలు పట్టుకుని మోత్కూరు పోయాను. ఆమెకిప్పుడు కళ్లు సరిగా ఆనవు, అరుగు మీద కూర్చోబెట్టి నన్నే చదవమంది. దువ్వెనల దగ్గర నవ్వింది. ఇసుర్రాయి దగ్గర "గిది సత్తెమ్మక్క ఉండంగ రాస్తె మంచిగుంటుండె" అంది. నాలుగు మాటల దగ్గర కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుంది. నర్సింలు ఎరుక లేకుండా పోయాడన్న చోటికి వచ్చేసరికి చెయ్యెత్తింది.

"ఆపు సోమన్న. గాడ తప్పు రాసినవ్."

"ఏది?"

"ఆయనకు ఎరుక లేకేంది? సత్తెమ్మక్క గా నెలల్నే వచ్చి మా ఇద్దరి ముంగట చెప్పింది. రెండు కుప్పలు కలిపినవని, ఒకటి పలగొట్టుమంటె పలగొట్టలేదని, అన్ని చెప్పింది. ఈడ్నే కూసోని ఏడ్సింది."

"మరి మీ అత్తకెందుకు చెప్పలే?" అన్నాను.

"చెప్తె ముసల్ది నీ ఇంటి మీదికి వస్తుండె. సత్తెమ్మక్క మొఖం చూసి ఊకున్న. మగ్గం పోతె పాయె అనుకున్న."

"నర్సింలు ఒక్కనాడన్న నన్ను అడగలే గద, బాలమణీ."

"ఆయనెందుకు అడుగుతడు? నువ్వే చెప్తవని చూసిండు. అంగడి నాడు నీ దగ్గరికెళ్లి ఇంటికి రాంగనే నేను అడుగుతుంటి, 'చెప్పిండా?' అని. 'ఇయ్యాల గూడ చెప్పలే' అంటుండె. దవాఖానల నువ్వొచ్చి పోయినంక గూడ గదే అన్నడు. గట్ల రాయి. ఎరుక లేక పోయిండని రాయకు."